ఏటీవీకి మంచు ట్రాక్‌లు బిగిస్తే మన జౌకు మడిలో నడుస్తుందా?

ఉద్దానం కుర్రోడు, కంచిలి

అందరికీ నమస్కారం. ఒక రిసార్ట్ వాళ్లు సామాన్లు అమ్మేస్తుంటే పాత ఏటీవీ ఒకటి, అదే నాలుగు లావు చక్రాల మోటారు బండి, కొన్నాను. పోలారిస్ 570 సీసీ, ఫోర్ వీల్ డ్రైవ్, ముందు వించ్ (తీగ చుట్టి లాగే మోటారు) కూడా ఉంది. 2018లో తిత్లీ తుఫానుకి పోగా మళ్లీ వేసిన కొబ్బరి ఇప్పుడు కాపుకొస్తోంది. తోటలో ఎరువులు, కాయలు, డ్రిప్ పైపులు మోయడానికి బండి దివ్యంగా ఉంది. మాది ఇసుక నేల కదా, ఎక్కడా ఆగదు.

గొడవంతా తోట అవతలున్న మూడెకరాల పల్లపు మడితోనే. పక్కనే చెరువు, ఎప్పుడూ ఊట. ఊళ్లో అందరి చేలూ ఆరిపోయినా మాది ఆరదు. కోతయ్యాక బస్తాలన్నీ మనుషుల నెత్తిన గట్టుకి రావాలి, ఆ పనికి ఇప్పుడు మనుషులు దొరకడం లేదు. ఏటీవీ దింపితే పొట్ట ఆనేదాకా కూరుకుపోయింది. ట్రాక్టరు తెచ్చి లాగించాను, ఊరు ఊరంతా వచ్చి చూసింది.

కెనడా వాళ్ల వీడియోలు చూస్తున్నాను. నాలుగు చక్రాలూ తీసేసి, ఆ స్థానంలో త్రికోణం ఆకారంలో రబ్బరు ట్రాక్‌లు బిగిస్తున్నారు. నడుంలోతు మంచులో హాయిగా పోతున్నాయి. అవి తెప్పించుకుంటే మన అడుసులో నడుస్తాయా? మన జిల్లాల్లో ఎవరైనా వేశారా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం

బావూ, ట్రాక్‌ల సంగతి తర్వాత. ట్రాక్టరు లాగుతున్న ఫొటో ముందు పెట్టు.

ఆముదాలవలస టర్నర్

చక్రం బిగించే హబ్‌కి ఎదురెదురు బోల్టుల మధ్య దూరం కొలిచి చెప్పండి. పోలారిస్ అంటున్నారు కాబట్టి 156 మిల్లీమీటర్లు ఉండాలి, నాలుగు బోల్టులు. యమహా, హోండాలకి 110, కెన్ ఆమ్‌కి 137. అది తెలియకుండా కిట్ కొంటే ఇంట్లో పెట్టుకుని చూసుకోవడానికే పనికొస్తుంది.

ఎడ్మంటన్ టెక్కలి

తమ్ముడూ, మాది టెక్కలి. ఇక్కడ కెనడాలో ఎడ్మంటన్ దగ్గర ఫామ్ యంత్రాలు బాగుచేసే షాపులో పని చేస్తున్నాను. నవంబరు వచ్చిందంటే టైర్లు తీసి ట్రాక్‌లు ఎక్కించడం, ఏప్రిల్‌లో మళ్లీ దింపడం, ఇదే పని. అందుకని కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

బిగించడం వీడియోలో కనిపించినంత తేలికేమీ కాదు, అలాగని బ్రహ్మవిద్యా కాదు. బండిని జాకీల మీద లేపి చక్రాలు ఊడదీస్తాం. హబ్ ముఖం మీద తుప్పు, మట్టి వైర్ బ్రష్‌తో పూర్తిగా తీయాలి. ఇసుక పలుకు ఒక్కటి మధ్యలో ఉండిపోయినా నట్లు బిగిసినట్టే ఉంటాయి, తర్వాత వదులైపోతాయి. చక్రం కూర్చునే చోటే ట్రాక్ తాలూకు స్ప్రాకెట్, అంటే బెల్టుని తిప్పే పళ్ల చక్రం, కూర్చుంటుంది. నట్లు బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి, కాలితో తొక్కి కాదు.

అసలు కీలకం దాని తర్వాత వస్తుంది. చక్రమైతే గుండ్రంగా తిరిగిపోతుంది. ట్రాక్‌కి ఫ్రేమ్ ఉంటుంది, ఆ ఫ్రేమ్ తిరగకూడదు, లోపల బెల్టు మాత్రమే తిరగాలి. దానికోసం ప్రతి ట్రాక్ ఫ్రేమ్ నుంచి ఒక రాడ్‌ని బండి కింది ఎ-ఆర్మ్‌కి (చక్రాన్ని బండికి పట్టి ఉంచే చెయ్యి) బ్రాకెట్ వేసి కలుపుతాం. యాంటీ రొటేషన్ ఆర్మ్ అంటారు. దీని పొడవు సరిచేసి ట్రాక్ ముందు కొస కాస్త పైకి లేచి ఉండేలా పెట్టాలి. కొస కిందికి ఉంటే మొదటి గుంతలోనే ముక్కు పొడుచుకుని ఫ్రేమ్ బోర్లా పడుతుంది, రాడ్ వంగుతుంది, ఒక్కోసారి ఎ-ఆర్మే విరుగుతుంది. ఈ బ్రాకెట్లు ఏ మోడల్‌వి ఆ మోడల్‌కే. అందుకే సెకండ్ హ్యాండ్ కిట్ చవగ్గా వచ్చిందని సంబరపడి కొన్నవాళ్లు బ్రాకెట్ల దగ్గర ఆగిపోతారు.

బెల్టు బిగువు రెండోది. మాన్యువల్‌లో చెప్పినంత బరువు బెల్టు మీద వేలాడదీసి ఎంత సాగిందో కొలుస్తాం. వదులుగా ఉంటే లోడు పడగానే స్ప్రాకెట్ పళ్లు దాటేసి టకటకా కొడుతుంది. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, ఇంజిన్ బలం సగం బెల్టుని తిప్పడానికే సరిపోతుంది. కొత్త బెల్టు సాగుతుంది కాబట్టి మొదటి కొన్ని గంటలు నడిపాక మళ్లీ చూడాలి. చివర్లో స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి, ట్రాక్ ఫుట్‌రెస్ట్‌కో మడ్‌గార్డ్‌కో తగలడం లేదని చూసుకోవాలి.

పవర్ స్టీరింగ్ లేని బండికి నేనైతే వద్దంటాను. చేతులు పడిపోతాయి.

ఇప్పుడు నీ ప్రశ్న. ఈ ట్రాక్ లోపల బెల్టు జారడానికి చాలా కిట్లలో ప్లాస్టిక్ పట్టాలు ఉంటాయి, స్లయిడ్ రెయిల్స్. వాటికి గ్రీజు ఉండదు. మంచే వాటికి నీళ్లు, మంచే వాటికి చల్లదనం. వట్టి గట్టి నేల మీద కాసేపు నడిపామంటే ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. ఆ ప్లాస్టిక్ 130 డిగ్రీల చుట్టుపక్కల కరిగిపోతుంది. ఎండాకాలం కూడా వాడేవాళ్లకి పట్టాలు లేకుండా అన్నీ చిన్న చక్రాలే ఉండే కిట్లు వేరుగా ఉన్నాయి. నువ్వు చూసిన వీడియోలో ఏ రకమో లింక్ పెట్టు.

ఖర్చు: కొత్త కిట్ ఇక్కడే నాలుగైదు వేల డాలర్ల పైమాట. షిప్పింగ్, కస్టమ్స్ నువ్వు కలుపుకో.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

షిప్పింగ్‌తో కలిపితే ఆ మూడెకరాల రెండు పంటలు పోయినట్టే.

చైన్ మిషన్, పొందూరు

ట్రాక్ అంటే కెనడా దాకా ఎందుకండీ. వరికోతల సీజన్‌లో మన రోడ్డు మీద లారీలెక్కి తిరిగే కోత మిషన్లన్నీ ట్రాక్‌ల మీద నడిచేవే కదా. నాకు రెండు చైన్ మిషన్లున్నాయి. టైరు మిషన్ దిగలేని చోటికి మమ్మల్ని పిలుస్తారు, కాబట్టి ఈ జిల్లాలో ఉన్న ప్రతి ఊబి మడీ నాకు పరిచయమే.

మా మిషన్ బెల్టు 450 మిల్లీమీటర్ల వెడల్పు. లోపల ఉక్కు తీగలు, వాటి మీద ఇనుప దిమ్మలు పోసి ఉంటాయి, దిమ్మకీ దిమ్మకీ దూరం, అంటే పిచ్, 90. స్ప్రాకెట్ పళ్లు పట్టుకునేది ఆ దిమ్మల్నే. కింద రోలర్లన్నీ సీల్ వేసిన ఇనుప రోలర్లు. అంటే తయారుచేసినవాడే ఇది బురదలో బతకాలని తయారుచేశాడు. అయినా సరే, రోజూ రాత్రి మిషన్ ఆపాక మేము చేసే మొదటి పని అన్నం తినడం కాదు, స్ప్రాకెట్ దగ్గర పేరుకున్న మట్టిని గునపంతో పొడిచి తీయడం. వదిలేస్తే పొద్దున్నకి గట్టిపడి బెల్టు ఉబ్బినట్టు బిగుసుకుంటుంది, స్టార్ట్ చేసి గేరు వేయగానే బెల్టు దూకేస్తుంది. గడ్డి చుట్టుకుంటే ఇంకా దారుణం. రోలర్ సీల్‌లోకి గడ్డి పోచ దూరిందంటే వెనకాలే నీళ్లు, ఆ వెనక బేరింగ్ మోత.

బెల్టు అంచు రాయికి తగిలి కోసుకుంటే లోపలి ఉక్కు తీగ బయటికి కనిపిస్తుంది. అక్కడి నుంచి తుప్పు పాకుతుంది, పైకి బెల్టు బాగానే ఉన్నట్టుంటుంది, ఒక రోజు మడి మధ్యలో తెగుతుంది. మేము ఊరు మారాలంటే లారీ ఎక్కించేది కూడా ఇందుకే. తారు రోడ్డు మీద నడిపితే బెల్టు కాలం ఇట్టే అయిపోతుంది.

ఎడ్మంటన్ అన్న చెప్పిన ప్లాస్టిక్ పట్టాల సరుకు మన ఒండ్రులో పెడితే ఒక్క సీజన్ కూడా ఆగదని నా లెక్క. ఇసుక కలిసిన నీళ్లు ఆకురాయి లెక్క పట్టాల్ని తినేస్తాయి.

గేర్ బాక్స్ గిరి, చీపురుపల్లి

ఇంత ఆలోచన ఎందుకు? పాత హార్వెస్టర్ బెల్టు తెచ్చి కోసి, ఏటీవీ సైజుకి ఫ్రేమ్ వెల్డింగ్ చేయించేయండి. మా దగ్గర వారంలో చేసేస్తారు.

ఆముదాలవలస టర్నర్

కోసిన బెల్టుని మళ్లీ ఎలా కలుపుతారు గిరి గారూ? అది అతుకు లేకుండా పోసిన చుట్టు. తీగలు తెగాక బోల్టులు వేసి కలిపితే మొదటి లోడుకే విడిపోతుంది. సైజు తగ్గించాలంటే తగ్గిన సైజు బెల్టు కొనడమే. పైగా ఆ బెల్టుకి ఇనుప స్ప్రాకెట్ కావాలి, ఆ బరువు ఏటీవీ యాక్సిల్ మీద పడుతుంది. యాక్సిల్ చివర్లో ఉండే సీవీ జాయింట్లని కప్పే బూట్లు, అంటే తొడుగులు, చూశారా ఎప్పుడైనా? వేలు మందం లేని రబ్బరు.

గేర్ బాక్స్ గిరి, చీపురుపల్లి

ఊరికే అన్నాను లెండి. ఆర్టీఓ వాళ్లు పట్టుకుంటారని అసలు భయం.

లెక్కల మాస్టారు, విజయనగరం

ఆ భయం మంచిదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన బండికి ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయకూడదు. మన దేశంలో చాలా ఏటీవీలకి అసలు రోడ్డు రిజిస్ట్రేషనే ఉండదు. కాబట్టి సొంత పొలంలో ఏం చేసుకున్నా రోడ్డెక్కకుండా చూసుకోవాలి.

పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పి రిటైరయ్యాను. ఇక్కడ అందరూ అనుభవం చెబుతున్నారు, నేను కొంచెం లెక్క చెబుతాను. అంకెలు ఉజ్జాయింపు, మీ బండికి మీరు కొలుచుకోండి.

బండి 330 కిలోలు, మనిషి 70, మొత్తం 400 అనుకుందాం. ఒక్కో టైరు నేలకి ఆనేది సుమారు 20 సెంటీమీటర్లు బై 18, అంటే 360 చదరపు సెంటీమీటర్లు. నాలుగింటికి 1,440. అంటే చదరపు సెంటీమీటరుకి 0.28 కిలోలు. ఇప్పుడు చక్రాలు తీసి ట్రాక్‌లు వేశాం. కిట్ 180 కిలోలు, తీసేసిన చక్రాలు 50 పోతే మనిషితో కలిపి మొత్తం 530 అవుతుంది. ఒక్కో ట్రాక్ 30 బై 65 ఆనిందనుకుంటే నాలుగింటికి 7,800. ఒత్తిడి 0.07 కిలోలకి దిగింది. నాలుగో వంతు! పొలంలో రెండు కాళ్ల మీద నిలబడిన మనిషి ఒత్తిడి 0.15 దాకా ఉంటుంది. అంటే మనిషి దిగబడే చోట కూడా ఈ బండి పైనే ఉంటుంది.

తమ్ముడికి ఇక్కడిదాకా చదివి ఉత్సాహం వచ్చి ఉంటుంది. ఆగండి. మునగకుండా ఉండటం వేరు, ముందుకు పోవడం వేరు. మంచుని తొక్కితే అణిగి గట్టిపడుతుంది. ట్రాక్ తన దారి తానే వేసుకుని దాని మీద నడుస్తుంది. అడుసు అలా కాదు, తొక్కితే పక్కకి జారుతుంది. పైన నాలుగు అంగుళాల నీళ్ల బురద ఉంటే రబ్బరు పళ్లకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, బెల్టు ఉన్నచోటే తిరుగుతుంది.

మన ట్రాక్టర్లకి దమ్ములో ఇనుప చక్రాలు ఎందుకు వేస్తారో ఆలోచించండి. ఏళ్ల తరబడి దమ్ము చేసిన మడిలో జానెడు లోతున ఒక గట్టి పొర ఏర్పడుతుంది. ఇనుప చక్రం పైన తేలాలని చూడదు. బురదని కోసుకుంటూ దిగి ఆ గట్టి పొరని పట్టుకుని తోస్తుంది. మంచు ట్రాక్ దానికి పూర్తిగా ఎదురు పద్ధతి.

ఇంకొకటి. 25 అంగుళాల టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2 మీటర్లు పోతుంది. ట్రాక్ స్ప్రాకెట్ చిన్నది, ఒక చుట్టుకి 1.4 మీటర్లు అనుకుంటే స్పీడోమీటరు 30 చూపిస్తున్నప్పుడు మీరు నిజంగా 21లో పోతున్నట్టు. లోడు లాగడానికి అది మంచిదే, గేరు తగ్గించినట్టే పని చేస్తుంది.

ఎడ్మంటన్ టెక్కలి

మాస్టారూ, ఇక్కడ కూడా వసంతంలో మంచు కరిగి కింద మట్టి చిత్తడి అయినప్పుడు సరిగ్గా మీరు చెప్పిందే జరుగుతుంది. జనవరిలో ఎగిరి గంతేసిన బండే ఏప్రిల్‌లో ఫోన్ చేయిస్తుంది, వచ్చి లాగమని.

చైన్ మిషన్, పొందూరు

మాస్టారి గట్టి పొర మాట నిజం. కానీ ఊట మడిలో ఆ పొర ఉండదండి, అదే దాని జబ్బు. కర్ర గుచ్చితే మోకాలి లోతు దాకా పోతుంది. అలాంటి చోట నేను కూడా మిషన్ దింపను, నీళ్లు తీసి పదిహేను రోజులు ఆరనివ్వమంటాను. ఉద్దానం తమ్ముడూ, నువ్వు కర్ర గుచ్చి చూశావా?

ఉద్దానం కుర్రోడు, కంచిలి

ఇప్పుడే వెళ్లి చూశాను. చెరువు గట్టు పక్కన మోకాలి పైదాకా దిగింది. తోట వైపు సగం మడిలో జానెడున్నరకే గట్టి తగులుతోంది. బోల్టుల దూరం 156, టర్నర్ గారు చెప్పినట్టే. పవర్ స్టీరింగ్ లేదు.

కళింగపట్నం

మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోవద్దు. ఈ ట్రాక్‌లు బీచ్ ఇసుకలో బాగుంటాయి కదా? టూరిస్టులని తిప్పొచ్చని ఒక ఆలోచన.

బొబ్బిలి అగ్రికల్చర్

దయచేసి ఆ ఆలోచన మానుకోండి. జనవరి నుంచి మార్చి దాకా మన తీరమంతా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి. గూడు ఇసుకలో ఒకటిన్నర అడుగు లోతునే ఉంటుంది, పైనుంచి కనిపించదు. వాహనం చాళ్లు పడితే గుడ్లు పగిలి బయటపడిన పిల్లలు కూడా ఆ చాళ్లలోనే ఇరుక్కుని సముద్రం దాకా చేరలేవు.

ఉద్దానం గారికి ఒక మాట. మీ సమస్య బండిది కాదు, నీటిది. చెరువు గట్టు వెంబడి మడి లోపల రెండున్నర, మూడడుగుల లోతు బోదె తీసి పల్లం వైపు తూము కలిపితే ఊట నీరు మడిలోకి రాకుండా దాంట్లో పడుతుంది. కోతకి పది, పదిహేను రోజుల ముందు నీరు కట్టేసి తీస్తే సగం మడైనా చైన్ మిషన్‌కి ఆగుతుంది. బోదె తీసిన మట్టి చెరువు గట్టుకే వేయండి, మడిలో వేయొద్దు.

ఉద్దానం కుర్రోడు, కంచిలి

బోదె తీయిస్తానండి, వేసవిలో. కానీ పంట ఇప్పుడు చేలో ఉంది. కోసి కట్టలు కట్టి నూర్చాక బస్తాలు గట్టుకి రావాలి. ఈ ఒక్క ఏడాదికి ఏమిటి దారి?

ఆముదాలవలస టర్నర్

ఒక్క ప్రశ్న. ట్రాక్‌లు వేసి దిగావే అనుకో, ఏటీవీ వెనక క్యారియర్ మీద ఎంత మోయొచ్చు?

ఉద్దానం కుర్రోడు, కంచిలి

80 కిలోల చిల్లర అని స్టిక్కర్ మీద ఉంది.

ఆముదాలవలస టర్నర్

అంటే ఒక వడ్ల బస్తా. మూడెకరాలకి ఎన్ని బస్తాలో, ఎన్నిసార్లు దిగి ఎక్కాలో మీరే చూసుకోండి. లక్షలు పోసి ఒక బస్తా మోసే బండి. అదే బండిని మడిలోకి దింపకుండా గట్టి నేల మీదే ఉంచి తాడుతో లాగిస్తే?

ఎడ్మంటన్ టెక్కలి

శభాష్. ఇక్కడ మంచులో సామాన్లన్నీ ప్లాస్టిక్ స్లెడ్ మీదే లాగుతారు. బండి మీద మోసేది తక్కువ, వెనక జారేది ఎక్కువ. మంచు మీద జారినట్టే నీళ్ల బురద మీదా జారుతుంది. బురద జారుడుతనం ఇప్పటిదాకా మనకి శత్రువు, ఇక్కడ అదే పని చేసిపెడుతుంది.

ఆముదాలవలస టర్నర్

200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నిలువుగా రెండు చెక్కలు చేస్తే రెండు దోనెలు వస్తాయి. మూతి, అడుగు భాగాలు ఉంచేయాలి, అవే ముక్కు అవుతాయి. రెండిటినీ పక్కపక్కన పెట్టి పైన 25 మిల్లీమీటర్ల చదరపు పైపుతో ఫ్రేమ్ వేస్తాను. పైన పలక వేస్తే మూడు, నాలుగు బస్తాలు పడతాయి. తాడు ముక్కు దగ్గర కింద కట్టాలి, పైన కడితే ముక్కు బురదలో గుచ్చుకుంటుంది.

లెక్కల మాస్టారు, విజయనగరం

వించ్‌తో మొత్తం లాగొద్దు. ఆ సైజు వించ్ తీగ మామూలుగా 15 మీటర్ల దగ్గర ఉంటుంది, మీ మడి అంతకన్నా వెడల్పే. పైగా వించ్ ఆగి ఆగి వాడుకునేది. వరసగా తిప్పితే మోటారు కాలుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. తోట గట్టు మీద ఒక బలమైన కొబ్బరి చెట్టు మొదట్లో కప్పీ కట్టండి. దోనె నుంచి తాడు కప్పీలోంచి తిప్పి ఏటీవీ వెనక కొక్కేనికి వేయండి. ఏటీవీ తోట బాట మీద లో గేర్‌లో నెమ్మదిగా పోతుంటే దోనె గట్టు దగ్గరికి వస్తుంది. కప్పీ చెట్టుకి సన్న తాడుతో కట్టొద్దు, బెరడు కోస్తుంది. వెడల్పాటి బెల్టు, దాని కింద గోనె పెట్టాలి. తాడు బిగిసి ఉన్నప్పుడు దాని వరసలోనూ కప్పీ లోపలి వైపు మూలలోనూ ఎవరూ నిలబడకూడదు, తెగితే మనిషిని నరుకుతుంది. పిల్లల్ని అసలు ఆ చుట్టుపక్కలకే రానివ్వొద్దు.

చైన్ మిషన్, పొందూరు

ఖాళీ దోనె మళ్లీ మడిలోకి లాక్కోవడానికి వెనక ఇంకో సన్న తాడు కట్టుకో. లేకపోతే ప్రతిసారీ ఒకడు అడుసులో నడిచి తీసుకెళ్లాలి, రెండో రోజుకి వాడు పనికి రాడు.

ఉద్దానం కుర్రోడు, కంచిలి

తోట బాట దాదాపు 60 మీటర్లు తిన్నగా ఉంది, మడి వెడల్పు 45. సరిపోతుంది అనుకుంటున్నాను. ఎడ్మంటన్ అన్నా, ట్రాక్‌ల ఆశ పూర్తిగా వదిలేయనా?

ఎడ్మంటన్ టెక్కలి

వదిలెయ్. టైర్లలో గాలి ఎంత ఉందో చూడు. ఏటీవీ టైరుకి 5 పీఎస్‌ఐ చుట్టుపక్కలే చాలు, మన వాళ్లు బైకు లెక్కన 25 కొట్టేస్తారు. తక్కువ కొలిచే గేజ్ విడిగా కొనుక్కో, పెట్రోల్ బంకు గేజ్ అంత కిందికి సరిగ్గా చూపించదు. బాట మీద లాగేటప్పుడు పట్టు తేడా నీకే తెలుస్తుంది.

ఆముదాలవలస టర్నర్

డ్రమ్ము కొనేటప్పుడు లోపల ఏం పోశారో అడిగి తీసుకోండి, యాసిడ్‌వి, పురుగుమందువి వద్దు, వడ్లు పెట్టేది. ఆదివారం తప్ప ఎప్పుడైనా తీసుకురండి. కప్పీ మాత్రం గోలీ బేరింగ్ ఉన్నదే కొనండి, బావి గిలక తేవొద్దు.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

ఫొటో ఇంకా పెట్టలేదు.